పారబోసిన చేపకు లెక్క కట్టడం ఎలా

రేవులో దిగిన చేపకు కాటా ఉంటుంది, బిల్లు ఉంటుంది, వేలంపాట చిట్టా ఉంటుంది. సముద్రంలోనే తిరిగి పారబోసిన చేపకు ఇవేవీ ఉండవు. చిన్నదని, ధర పలకదని, కోటా అయిపోయిందని, నలిగిపోయిందని డెక్ మీంచే వెనక్కి తోసేస్తారు. చాలా జాతులు అలా నీళ్ళలో పడ్డా బతకవు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం 2010–2014 మధ్య సముద్ర చేపలవేటలో ఏటా సుమారు 91 లక్షల టన్నులు, అంటే పట్టినదాంట్లో 10.8 శాతం దాకా, ఇలా పోయింది. ఇలాంటి అంకెను ఎవరూ కాటా మీద పెట్టి తూచలేదు. కొన్ని బోట్లలో చూసినదాన్ని చూడని బోట్లకు విస్తరించి కట్టారు.

ఆ విస్తరణ ఎలా చేయాలన్నదే ఈ వ్యాసం. ఇందులో సూత్రాలు కష్టం కాదు. ఒక అలవాటు మాత్రం మొదటి నుంచీ ఉండాలి: ఏ మెట్టులోనైనా అంకె రాస్తే అది ‘ఎంతలో ఎంత’ అన్నది పక్కనే రాయాలి. 30 కిలోలు అని ఒక్కటే రాసిన కాగితం ఎందుకూ పనికిరాదు. 360 కిలోల పారబోతలోంచి తీసిన 120 కిలోల నమూనాలో 30 కిలోలు అని ఉంటేనే దాంతో లెక్క చేయగలం.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ఏ జాతి, ఏ బోట్లు, ఏ కాలం, బరువా సంఖ్యా? ఈ నాలుగూ కాగితం మీద రాసుకోకుండా మనుషుల్ని బోటెక్కించకండి. స్టాక్ (సముద్రంలో ఆ జాతి ఎంత ఉందన్న) అంచనా కోసమైతే పారబోసిన చేపల పొడవులు కూడా కావాలి. తాబేళ్ళు, సొరచేపల గురించైతే బరువు కన్నా సంఖ్య ముఖ్యం. అలాగే ఎంత కచ్చితత్వం సరిపోతుందో ముందే ఒప్పుకోండి. అంచనాతో పోలిస్తే దాని ప్రామాణిక దోషం (నమూనా వల్ల అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) ఎంత శాతమో చెప్పే అంకెను సీవీ అంటారు. అమెరికా ఈశాన్య తీరంలో పాటించే పద్ధతిలో 30 శాతం సీవీని లక్ష్యంగా పెట్టుకున్నారు. మీకు ఏది సరిపోతుందన్నది ఆ అంకెతో మీరు తీసుకోబోయే నిర్ణయాన్ని బట్టి ఉంటుంది.

బోట్ల జాబితా, తరగతులు

లైసెన్సు ఉన్న బోట్ల పూర్తి జాబితా సంపాదించండి. దాన్ని వల రకం, వేట ప్రాంతం, త్రైమాసికం, బోటు పొడవు వంటి వాటిని బట్టి తరగతులుగా విడగొట్టండి. ఒక తరగతిలోని ట్రిప్పులు పారబోతలో ఒకదానికొకటి దగ్గరగా ఉండాలన్నదే ఉద్దేశం. ఉత్సాహంతో మరీ సన్నగా తరగొద్దు. ఒక తరగతిలో కనీసం రెండు ట్రిప్పులైనా చూడకపోతే దానికి దోషం లెక్క కట్టడమే కుదరదు, రెండుతో కట్టినా అది నమ్మదగ్గది కాదు. ఎన్ని ట్రిప్పులు ఏ తరగతికి పంచాలన్నప్పుడు, ట్రిప్పులు ఎక్కువగా ఉండి, పారబోత ట్రిప్పుకీ ట్రిప్పుకీ బాగా మారే తరగతికి ఎక్కువ ఇవ్వండి. అన్నిటికీ సమానంగా పంచితే న్యాయంగా కనిపిస్తుంది కానీ డబ్బు వృథా.

మనిషి ఎక్కడానికి చోటు లేని చిన్న బోట్లు ఉంటాయి. వాటిని మీ లెక్క పరిధిలోంచి తీసేసి, తీసేశామని స్పష్టంగా రాయండి. వాటి పారబోత పెద్ద బోట్లలాగే ఉంటుందని చడీచప్పుడు కాకుండా కలిపేయడం మంచిది కాదు.

ఏ ట్రిప్పు ఎక్కాలో లాటరీ తేల్చాలి

తెలిసిన సరంగు (బోటు నడిపేవాడు), మర్యాదస్తుడు, భోజనం బాగుంటుంది అని ఎక్కిన బోటు నమూనా కాదు. ట్రిప్పు బయల్దేరే ముందు బోటు వాళ్ళు తెలియజేయాలి, మీరు లాటరీ వేసి ఎక్కాలో వద్దో చెప్పాలి. ఎంపిక బోటు వాళ్ళ చేతిలో ఉంటే ఏమవుతుందో అలస్కా అనుభవం చెబుతుంది. అక్కడ 2013కు ముందు 60 నుంచి 125 అడుగుల బోట్లు తమ వేట రోజుల్లో 30 శాతం, బోటెక్కి చూసి లెక్క రాసే పరిశీలకుడైన అబ్జర్వర్‌తో గడపాలి. ఏ రోజులన్నది మాత్రం వాళ్ళ ఇష్టం. రేవుకు దగ్గరలో చిన్న ట్రిప్పు వేసి రోజులు భర్తీ చేసుకోవడానికి ఇంతకన్నా అవకాశం ఏం కావాలి? 2013లో ఆ పద్ధతి మార్చి ఎంపికను లాటరీకి అప్పగించారు.

ఇంకో దారి, అన్ని ట్రిప్పులూ చూడటం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రాల్ బోట్లలో (వలను నీళ్ళలో ఈడ్చుకుపోయేవి) 1996లో నూటికి నూరు ట్రిప్పులకూ అబ్జర్వర్‌ను పెట్టారు. తూర్పు పసిఫిక్‌లో 363 టన్నులకు మించి సామర్థ్యమున్న ట్యూనా రింగు వల నౌకలకూ ఇదే నియమం. అప్పుడు ట్రిప్పుల ఎంపిక సమస్య పోతుంది. ట్రిప్పు లోపలి నమూనా సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

కాదన్న బోట్లనూ రాయండి. ఎవరు, ఏ రోజు, ఏ కారణం చెప్పారు అన్నీ. ‘పడుకునే బంకు ఖాళీ లేదు’ అన్న జవాబు ఒకే రకం బోట్ల నుంచి పదే పదే వస్తుంటే, చివర్లో మీ అంచనా ఎటు ఒరుగుతుందో చెప్పడానికి ఆ జాబితానే ఆధారం.

డెక్ మీద

ఒకసారి వల వేసి పైకి తీయడాన్ని ఇక్కడ లాగుడు అంటాను. ఒక మనిషి అన్ని లాగుళ్ళూ చూడలేడు, నిద్ర కావాలి. సమస్యేమిటంటే, తనకు వీలైనప్పుడు చూస్తానంటే రాత్రి లాగుళ్ళు తప్పిపోతాయి. రాత్రి వలలో పడేది పగటికన్నా వేరుగా ఉండొచ్చు. కాబట్టి మొదటి మూడు లాగుళ్ళలో ఒకదాన్ని చీటీ తీసి ఎంచుకోండి. అక్కణ్ణుంచి ప్రతి మూడోది చూడండి, అది తెల్లవారుజామున రెండింటికొచ్చినా సరే. చూడని లాగుళ్ళకు కూడా వల వేసిన సమయం, తీసిన సమయం, చోటు, ఉంచుకున్న చేప బరువు రాయాలి.

వల పైకి రాగానే మొదటి పని మొత్తం పట్టు ఎంతో తేల్చడం. చేప తొట్టెలోకి జారాక దాని పొడవు, వెడల్పు, చేప ఎత్తు కొలవండి. బోటు ఊగుతుంటే చేప ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని ఎత్తును నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీయండి. 2 మీటర్లు, 1.5 మీటర్లు, సగటు ఎత్తు 0.6 మీటరు అయితే 1.8 ఘనపు మీటర్లు, అంటే 1,800 లీటర్లు. ఇప్పుడు 40 లీటర్ల బుట్టను అదే చేపతో నింపి తూచండి. 36 కిలోలు తూగితే లీటరుకు 0.9 కిలో. మొత్తం 1,620 కిలోలు. ఈ లీటరు బరువును ఎవరి పట్టికలోంచో అరువు తెచ్చుకోవద్దు. చేప పరిమాణాన్ని బట్టి, బురదను బట్టి లాగుడు లాగుడుకూ మారుతుంది. రాళ్ళు, నాచు, బురద కూడా ఆ 1,620లోనే ఉన్నాయి కాబట్టి నమూనాలో వాటినీ వేరుచేసి తూచాలి.

పారబోత మొత్తాన్ని రెండు విధాలుగా తెలుసుకోవచ్చు. కళాసులు ఏరేశాక మిగిలి బయటికి పోయేదాన్ని బుట్టల్లో లెక్కపెట్టడం ఒకటి. మొత్తం పట్టులోంచి ఉంచుకున్నది తీసేయడం రెండోది. రెండోది తేలిక, అందుకే అందరూ దాని మీద పడతారు. కానీ 5,000 కిలోల మొత్తం అంచనాలో పది శాతం తేడా ఉంటే అదే 500 కిలోలు. ఉంచుకున్నది 4,600 అయితే పారబోత 400, దాని మీద 500 అటూ ఇటూ. అలాంటి లెక్కకు అర్థమే లేదు. పారబోత కొద్దిగా ఉన్న చోట బుట్టలు లెక్కపెట్టండి, అది ఎక్కువగా ఉన్న చోట తీసివేత పనిచేస్తుంది. తీసివేసేటప్పుడు ఇంకో మెలిక: ఉంచుకున్న చేపను తల, పేగులు తీసి ఉంటే, దాన్ని మార్పిడి గుణకంతో పూర్తి చేప బరువుకు తెచ్చుకున్నాకే తీసివేయాలి. సరంగు నోటి అంచనా కూడా అడిగి రాయండి, కాకపోతే వేరే గడిలో.

నమూనా ఎక్కడ నిలబడి తీస్తామన్నది ఇంకా ముఖ్యం. కన్వేయర్ ఉంటే ఏరే కళాసులకు దిగువన, చేప బయటికి జారే రంధ్రానికి ఎగువన నిలబడండి. తొట్టెలో చేప కుదుపులకు సర్దుకుంటుంది: చిన్నవి, బరువైనవి అడుక్కి, వెడల్పువి పైకి. మొదట వచ్చినదే నింపుకుంటే నమూనా మొత్తం ఒక్క పొరదే అవుతుంది. కొన్ని బుట్టలకొకటి చొప్పున మొదలు, మధ్య, చివర వచ్చేలా తీయండి. చేత్తో ఏరవద్దు, పార పెట్టి పడినంత ఎత్తండి. చెయ్యి ఎప్పుడూ పెద్ద చేప మీదకే పోతుంది.

కాటా విషయానికొస్తే, పని మొదలుపెట్టే ముందు తెలిసిన 10 కిలోల బరువు వేలాడదీసి చూడండి. స్ప్రింగ్ త్రాసు ముల్లు ఊగుతుంటే ఊగుడు మధ్యనున్న అంకె తీసుకోండి. ఖాళీ బుట్ట బరువు తడిసిన బుట్టదే అయి ఉండాలి.

నమూనాను జాతుల వారీగా విడదీసి తూచండి, లెక్కపెట్టండి, ముఖ్యమైన జాతుల పొడవులు కొలవండి. వయసు కావాలంటే చెవిరాళ్ళు (చేప తలలో ఉండే చిన్న గట్టి రాళ్ళు) తీయాలి. ప్రతి జాతికి పారబోతకు కారణం రాయండి. ప్రాణంతో ఉందా, కొనఊపిరితో ఉందా కూడా రాస్తే, బతికేవెన్నో తర్వాత లెక్కేసేవాళ్ళకు పనికొస్తుంది. ఈ దశలో నేను అందరికన్నా గట్టిగా చెప్పేది సున్నాల గురించి. చూసి, ఆ జాతి లేదని తేలితే 0 వేయండి. చూడకపోతే గీత పెట్టండి. ఖాళీ గడి రెండు రకాలుగానూ చదవొచ్చు, కంప్యూటర్ దగ్గర కూర్చున్న మనిషికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. సున్నాలు రాలిపోతే సగటు పెరిగిపోతుంది.

డెక్ మీదకు రాకుండానే పోయేది కూడా ఉంది. రింగు వలల్లో పట్టును పైకి తీయకుండానే వదిలేస్తారు, చిక్కువలల నుంచి పైకి తీస్తుండగా చేప జారిపోతుంది. కంటికి కనిపించినంత అంచనా వేసి వేరుగా నమోదు చేయండి.

నమూనా నుంచి మొత్తానికి

ఇప్పుడు పెంచే లెక్క. అంకెలన్నీ ఉదాహరణ కోసం కల్పించినవి, జాతిని ‘క’ అందాం.

ఒక లాగుడులో పారబోత 360 కిలోలు, నమూనా 120 కిలోలు, అందులో ‘క’ 30 కిలోలు. గుణకం 360/120, అంటే 3. కాబట్టి ఆ లాగుడులో ‘క’ 90 కిలోలు. ఆ ట్రిప్పులో 18 లాగుళ్ళు, చూసినవి 6, ఆ ఆరింటిలో ‘క’ కలిపి 280 కిలోలు. గుణకం 18/6, కాబట్టి ట్రిప్పుకు 840 కిలోలు. లాగుళ్ళ నిడివి బాగా తేడాగా ఉంటే లాగుళ్ళ సంఖ్యకు బదులు వల నీళ్ళలో ఉన్న గంటలతో పెంచండి.

అలాంటి అయిదు ట్రిప్పులు చూశామనుకుందాం. వాటిలో ‘క’ పారబోత వరుసగా 840, 300, 1,260, 150, 450 కిలోలు, మొత్తం 3,000. అవే ట్రిప్పుల్లో రేవులో దింపిన సరుకు 10, 6, 14, 4, 6 టన్నులు, మొత్తం 40. ఆ తరగతిలో మొత్తం ట్రిప్పులు 100, రేవు లెక్కల ప్రకారం అన్నీ కలిపి దింపినది 700 టన్నులు.

ట్రిప్పుల సంఖ్యతో పెంచితే: సగటు 600 కిలోలు, 100 ట్రిప్పులకు 60,000 కిలోలు. దింపిన సరుకుతో నిష్పత్తి కట్టి పెంచితే: 3,000ను 40తో భాగిస్తే టన్నుకు 75 కిలోలు, 700 టన్నులకు 52,500 కిలోలు. ఏడున్నర టన్నుల తేడా. ఎందుకంటే మనం చూసిన ట్రిప్పులు సగటున 8 టన్నులు దింపాయి, మొత్తం తరగతి సగటు 7 మాత్రమే. లాటరీలో కాస్త పెద్ద ట్రిప్పులు తగిలాయి. నిష్పత్తి పద్ధతి ఆ ఒరుగును సరిదిద్దుతుంది, ఉత్త సగటు సరిదిద్దదు.

అలాగని నిష్పత్తికి ఏది పడితే అది హారంగా పెట్టకండి. అదే జాతి దింపుడును హారంగా తీసుకునే అలవాటు చాలామందికి ఉంది. ‘క’ కోటా అయిపోయిన నెలలో దింపుడు సున్నా, పారబోత మాత్రం వలలో పడ్డదంతా. ఆ నిష్పత్తి అక్కడ కూలిపోతుంది. వేట గంటలు సిద్ధాంతంలో బాగుంటాయి, కానీ లాగ్‌బుక్కుల్లో గంటల గడి ఎంత నిజాయితీగా నింపుతారో ముందు చూసుకోండి. ఏదైనా ఎంచుకునే ముందు గ్రాఫు గీయండి: అడ్డంగా హారం, నిలువుగా పారబోత. చుక్కలు సున్నా నుంచి మొదలయ్యే గీత దగ్గర ఉంటే ఆ హారం పనిచేస్తుంది. చెల్లాచెదురుగా ఉంటే ట్రిప్పు సగటే మేలు.

దోషం ఎంత

పైన చెప్పిన అయిదు ట్రిప్పులనే తీసుకుందాం. నిష్పత్తి ఊహించినదానికీ, నిజంగా చూసినదానికీ తేడాలు: 90, మైనస్ 150, 210, మైనస్ 150, 0. వీటి వర్గాల మొత్తం 97,200, నాలుగుతో భాగిస్తే 24,300. దీన్ని 5తో భాగించి, 100 ట్రిప్పుల్లో 5 చూసినందుకు 0.95తో గుణించి, 100 వర్గంతో గుణించి, వర్గమూలం తీస్తే సుమారు 6,800 కిలోలు. 52,500 మీద సీవీ 13 శాతం. ఇదే పని ఉత్త సగటుతో చేస్తే దోషం 19,600 కిలోలు, 60,000 మీద సీవీ 33 శాతం. అవే అయిదు ట్రిప్పులు, అదే ఖర్చు. ఒకటి 30 శాతం గీత లోపల, ఇంకోటి బయట.

ఇందులో ట్రిప్పును యూనిట్‌గా తీసుకున్నాం, లాగుడును కాదు. అయిదు ట్రిప్పుల్లో ముప్ఫై లాగుళ్ళు చూశాం కాబట్టి నమూనా సైజు ముప్ఫై అనుకునేవాళ్ళున్నారు. ఒకే బోటు, ఒకే సరంగు, పక్కపక్క చోట్లలో వేసిన లాగుళ్ళు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. వాటిని విడివిడిగా లెక్కేస్తే సీవీ అందంగా తగ్గి కనిపిస్తుంది, అంతే. బూట్‌స్ట్రాప్ (చూసినవాటిలోంచే మళ్ళీ మళ్ళీ ఎంపిక చేసి దోషం కట్టే పద్ధతి) వాడినా ముందు ట్రిప్పుల్ని తిరిగి ఎంపిక చేసి, తర్వాతే వాటి లోపలి లాగుళ్ళను ఎంపిక చేయాలి. అయిదే ట్రిప్పులుంటే బూట్‌స్ట్రాప్ కూడా పెద్దగా ఆదుకోదు. దోషం సగం కావాలంటే సుమారు నాలుగు రెట్లు ట్రిప్పులు కావాలి. బడ్జెట్ అడిగేటప్పుడు ఈ మాట ముందే చెప్పండి.

చూడని ట్రిప్పులు చూసినవాటిలాగే ఉన్నాయా

సీవీ ఎంత తక్కువున్నా ఈ ప్రశ్నకు జవాబివ్వదు. అబ్జర్వర్ ఉన్నప్పుడు బోటు వేరేలా ప్రవర్తిస్తే ట్రిప్పులు ఎన్ని పెంచినా తప్పు అంకె దగ్గరికే చేరుకుంటాం. పారబోతను నిషేధించిన చోట ఇది మరీ ఎక్కువ. నార్వే 1987లో కాడ్, హాడాక్ చేపల పారబోతను నిషేధించింది, ఐరోపా సమాఖ్య 2015 నుంచి 2019 వరకు అంచెలంచెలుగా తెచ్చిన నియమం కోటా ఉన్న జాతులన్నిటినీ రేవుకు తెమ్మంటుంది. అలాంటి చోట డెక్ మీద కాగితాలు పట్టుకున్న మనిషి కళాసుల కంటికి శాస్త్రవేత్తలా కాక సాక్షిలా కనిపిస్తాడు. అతని కళ్ళ ముందు ఎవరు పారబోస్తారు?

పరీక్షించడానికి అన్ని ట్రిప్పులకూ ఉన్న సమాచారం వాడండి. చూసిన, చూడని ట్రిప్పుల నిడివి, దింపిన బరువు, దింపిన జాతుల వాటా, ఉపగ్రహ ట్రాకింగ్‌లో కనిపించే వేట చోట్లు పక్కపక్కన పెట్టండి. ఒకే బోటు అబ్జర్వర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎలా వేటాడిందో పోల్చడం ఇంకా పదునైన పరీక్ష. అబ్జర్వర్ ఉన్న ట్రిప్పుల్లో చిన్న సైజు చేప ఎక్కువగా రేవుకొస్తోందంటే, లేనప్పుడు అది ఎక్కడికి పోతోందో ఊహించడం కష్టం కాదు.

ఇంకో పరీక్ష చాలా చవక. జవాబు ముందే తెలిసిన అంకెను మీ పద్ధతితో అంచనా వేయండి. మన ఉదాహరణలో దింపిన సరుకునే ట్రిప్పుల సంఖ్యతో పెంచితే 8 టన్నులు ఇంటూ 100, అంటే 800 టన్నులు. నిజం 700. పద్నాలుగు శాతం ఎక్కువ చెబుతోంది. అయిదు ట్రిప్పులతో ఆ మాత్రం అదృష్టవశాత్తూ రావచ్చు, యాభై ట్రిప్పుల తర్వాత కూడా అలాగే ఉంటే లాటరీలో ఎక్కడో చిల్లు ఉంది.

డెక్ మీద కెమెరాలు పెడితే అబ్జర్వర్ లేని ట్రిప్పులు కూడా కొంత కనిపిస్తాయి. పెద్ద చేపలు, లాంగ్‌లైన్ గాలాలకు ఒక్కొక్కటిగా వచ్చేవి బాగా లెక్కకొస్తాయి. ట్రాల్ తొట్టెలో కలగాపులగంగా ఉన్న చిన్న చేపల జాతులు కెమెరాలో తేల్చుకోవడం కష్టం, చెవిరాళ్ళు తీయడమైతే అసలే కుదరదు.

అరుదుగా పడే జీవులు

తాబేలు, డాల్ఫిన్, పెద్ద సొర వంటివాటికి బుట్ట నమూనా పెట్టకండి. మొత్తం లాగుడు చూసి సంఖ్య రాయండి, చూడగలిగింది సగమే అయితే సగం అని రాయండి. ఇక్కడ ‘ఏమీ కనిపించలేదు’ అన్నది కూడా జాగ్రత్తగా చదవాల్సిన ఫలితం. లాటరీలో వచ్చిన 100 ట్రిప్పుల్లో ఒక్క తాబేలూ పడలేదనుకోండి. నిజమైన రేటు నూటికి 3 ట్రిప్పుల దాకా ఉన్నా ఇలా జరగడానికి సుమారు 5 శాతం అవకాశం ఉంది. ఏడాదికి 2,000 ట్రిప్పులుంటే, 60 ట్రిప్పుల్లో తాబేళ్ళు పడుతుండొచ్చన్న అవకాశాన్ని కొట్టిపారేయలేమన్నమాట. పట్టికలో 0 ఒక్కటే వేసి ఊరుకోకండి, పై హద్దు 60 కూడా వేయండి.

రిపోర్టులో ఏం పెట్టాలి

ప్రతి తరగతికీ మొత్తం ట్రిప్పులు, చూసిన ట్రిప్పులు, కాదన్నవి, చూసిన లాగుళ్ళు, వాడిన హారం, అంచనా, సీవీ ఒక వరుసలో ఇవ్వండి. ఒక్క ట్రిప్పూ చూడని తరగతికి పక్క తరగతి నిష్పత్తి అరువు తెచ్చుకుంటే ఆ అంకె పక్కన గుర్తు పెట్టి, ఎక్కణ్ణుంచి తెచ్చారో రాయండి. తరగతుల్ని కలపాల్సి వస్తే ఎలా కలపాలన్న నియమం ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక కలిపితే, నచ్చిన అంకె వచ్చేదాకా కలిపారని ఎవరైనా అంటే మీ దగ్గర జవాబు ఉండదు. బోటు పేర్లు బయటికి రాకూడదు. ఒక తరగతిలో రెండు మూడు బోట్లే ఉంటే అంకెను బట్టి ఎవరిదో పోల్చుకుంటారు కాబట్టి, ఆ వరుసను ప్రచురణలో పెద్ద తరగతిలో కలిపి చూపించండి. డెక్ మీద నింపిన అసలు కాగితాలు, గుణకాలతో సహా స్కాన్ చేసి దాచండి. వచ్చే ఏడాది ఎవరైనా దింపుడుకు బదులు వేట గంటలతో పెంచి చూడాలంటే వాళ్ళు మళ్ళీ ఆ కాగితం నుంచే మొదలుపెట్టాలి.